కాలి సిరతో గుండెకు దారి వేసిన పల్లెటూరి డాక్టరు

గుండె ఆపరేషను చేయించుకొని ఇంటికొచ్చిన పెద్దమనిషిని పలకరించడానికి వెళ్ళిన చుట్టాలు ఛాతీ మీది కుట్ల కంటే కాలి మీది కుట్లను చూసి ఎక్కువ ఆశ్చర్యపోతారు. జబ్బు గుండెకైతే కత్తి కాలికెందుకు పెట్టారన్నది వాళ్ళ సందేహం. కాలి నరం తీసి గుండెకు అతికించారట అని ఎవరో ఒకరు చెబుతారు. మన వాడుకభాషలో ఒంట్లో ఉన్న గొట్టాలన్నీ నరాలే. నాడి, సిర, ధమని అనే తేడా పాఠ్యపుస్తకంలో ఉండవలసిందే గాని నోటికి రాదు. నిజానికి అతికించింది నరం కాదు, సిర. గుండె నుంచి నెత్తురు తీసుకుపోయేది ధమని, తిరిగి తీసుకొచ్చేది సిర. ఇంత చిన్న తేడాలో బైపాస్ ఆపరేషను చరిత్ర సగం ఇమిడి ఉంది. ఆ కాలి సిరను గుండె దగ్గరికి తెచ్చి, ఒకసారి చేసి వదిలెయ్యకుండా దాన్నొక పద్ధతిగా నిలబెట్టినవాడు అర్జెంటీనా దేశస్థుడు డాక్టర్ రెనే ఫవలోరో. ఫ్లెమింగు పేరు, జెన్నరు పేరు తెలిసిన మన విద్యార్థుల్లో ఈయన పేరు విన్నవాళ్ళు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆయన్ని గురించి రాయాలనిపించింది.

1923 జూలై 12న లా ప్లాటా నగరంలో ఆయన పుట్టారు. తాతముత్తాతలు ఇటలీ దేశంలోని సిసిలీ నుంచి వలస వచ్చినవాళ్ళు. తండ్రి వడ్రంగి, తల్లి బట్టలు కుట్టేది. సెలవుల్లో కుర్రవాడు తండ్రి దుకాణంలో చిత్రిక పట్టేవాడు. చెక్కను చెక్కకు అతికించడం తండ్రి దగ్గర, గుడ్డను గుడ్డకు కుట్టడం తల్లి దగ్గర చూస్తూ పెరిగినవాడు పెద్దయ్యాక రక్తనాళాలను కుట్టే పనిలో పడ్డాడంటే కథకుడు కల్పించినట్టుంటుంది గాని, ఇది జరిగిన సంగతే. డాక్టరైన బాబాయి ఒకాయన ఉండేవారు. ఆయన్ని చూసి చిన్నప్పుడే వైద్యం మీద మనసు పడ్డది.

లా ప్లాటా యూనివర్శిటీలో వైద్యం చదివారు. క్లాసులయ్యాక ఇంటికి పోకుండా ఆస్పత్రి వార్డుల్లోనే గడిపేవారు. పెద్ద సర్జన్లు ఆపరేషన్లు చేస్తుంటే చూడడానికి బ్యూనస్ ఎయిర్స్ దాకా వెళ్ళొచ్చేవారు. 1949లో డాక్టరుగా బయటికొచ్చి, చదివిన ఆస్పత్రిలోనే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. అప్పుడు పెరాన్ పరిపాలన. ఉద్యోగం ఖాయం కావాలంటే అధికార పార్టీ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. చదువుకు తగ్గ మార్కులున్నాయి, పని తెలుసు, ఇక ఈ సంతకం ఎందుకని ఆయన పెట్టలేదు. ఉద్యోగం రాలేదు. ఒక్క సంతకమే కదా, పెట్టేస్తే ఏం పోయె అనుకునే కాలంలో బతుకుతున్న మనకి ఈ ఘట్టం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే మరో బంధువు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. లా పంపా రాష్ట్రంలో హసింతో అరావుస్ అనే ఊరు. మూడు నాలుగు వేల జనం. మైదానం, గాలి, దుమ్ము, వానలు లేని ఎండాకాలాలు. ఆ ఊళ్ళో ఉన్న డాక్టరుకి జబ్బు చేసింది, రెండు మూడు నెలలు ఆయన బదులు చూసుకోవాలని ఆ ఉత్తరం సారాంశం. 1950 మే నెలలో ఫవలోరో మూటాముల్లె సర్దుకొని వెళ్ళారు. వెళ్ళింది మూడు నెలలకు, ఉన్నది పన్నెండేళ్ళు. ఆ మరుసటి ఏడాదే చిన్ననాటి నుంచి తెలిసిన మరియా అంటోనియాను పెళ్ళి చేసుకున్నారు. కొన్నాళ్ళకు తమ్ముడు హువాన్ హోసే కూడా డాక్టరై అక్కడికే చేరాడు.

ఈ పన్నెండేళ్ళ గురించి జీవితచరిత్రలు రెండు పేజీల్లో దాటేస్తాయి, నాకేమో ఇక్కడే ఆగాలనిపిస్తుంది. ఆ ఊళ్ళో ఎక్సరే లేదు, ఆపరేషను గది లేదు. అన్నదమ్ములిద్దరూ కలిసి పాత ఇంటిని చిన్న ఆస్పత్రిగా మార్చారు. పురుళ్ళు పోసే మంత్రసానులను పోగేసి శుభ్రత నేర్పారు. తల్లులకు బిడ్డల్ని ఎలా చూసుకోవాలో చెప్పారు, టీచర్లను, చర్చివాళ్ళను ఆ పనిలోకి దించారు. పసిబిడ్డల చావులు తగ్గాయి. ఇక రక్తం సంగతి. సీసాల్లో రక్తం నిలవ చేసుకునే వసతి లేదు కాబట్టి ఊరినే బ్లడ్ బ్యాంకు చేశారు. ఎవరిది ఏ గ్రూపో ముందుగానే పరీక్ష చేసి చిట్టా రాసుకోవడం, అవసరం పడ్డప్పుడు ఆ మనిషికి కబురు పంపడం. రక్తం మనుషుల్లోనే నిలవ ఉండేదన్నమాట. ఒక పద్ధతి లేనిచోట పద్ధతిని పుట్టించడం అనే గుణం ఆయనకు పెద్ద ఆస్పత్రి నేర్పలేదు, ఈ ఊరు నేర్పింది. తరవాత క్లీవ్‌లాండులో చేసింది ఇదే పని, పెద్ద ఎత్తున.

ఊళ్ళో ఉంటూనే పత్రికలు తెప్పించుకొని చదివేవారు. గుండె సర్జరీ కొత్తగా పుంజుకుంటున్న రోజులవి. తన గురువు మైనెత్తి సలహా మీద 1962లో, ముప్పయ్యెనిమిదేళ్ళ వయసులో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్కు వెళ్ళారు. మొదట్లో జీతం లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. అక్కడ గుండె సర్జరీ విభాగానికి పెద్ద డొనాల్డ్ ఎఫ్లర్. కింది అంతస్తులో మేసన్ సోన్స్ అనే మరో ఉద్దండుడు ఉండేవాడు. గుండె కండరానికి నెత్తురు అందించే కరొనరీ ధమనుల్లోకి రంగు మందు ఎక్కించి సినిమా తీయవచ్చని 1958లో కనిపెట్టినవాడు ఆయనే. అదీ అనుకోకుండా జరిగింది. గొట్టం జారి ధమనిలోకి పోయి, మందు పడ్డా రోగి చావలేదు. అంతవరకు అలా పడితే మనిషి పోతాడనే నమ్మకం.

పగలంతా ఆపరేషను గదిలో పనిచేసి, సాయంత్రం సోన్స్ దగ్గర చేరి ఆ ఫిల్ములు చూస్తూ కూర్చునేవారు ఫవలోరో. వందలు, వేలు. మనం సెకండు షో సినిమాలు చూసినట్టు ఆయన మూసుకుపోయిన ధమనుల సినిమాలు చూశారు. చూడగా చూడగా ఒక సంగతి తేలింది. చాలామందిలో ధమని మొత్తం పాడవదు. కొవ్వు పేరుకుని ఒకచోట మూసుకుపోతుంది, ఆ అడ్డం దాటాక కింది భాగం బాగానే ఉంటుంది. అడ్డాన్ని తప్పించి నీళ్ళు కిందికి వదలగలిగితే చాలు. కాలవకి గండి పడితే పక్కనుంచి పిల్ల కాలవ తవ్వే రైతుకి ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు.

కాని పిల్ల కాలవ దేనితో తవ్వాలి? ఇదీ అసలు ప్రశ్న. గ్రాఫ్టు అంటే మన తోటమాలి భాషలో అంటు. ఏ కొమ్మ తెచ్చి అంటు కడితే నిలుస్తుందన్నదే ఇక్కడి మీమాంస.

ఈ ప్రశ్నకు ఆయనకంటే ముందు జవాబు వెతికినవాళ్ళు లేకపోలేదు. రక్తనాళాలను కుట్టే విద్యకు ఆద్యుడైన అలెక్సిస్ కారెల్, 1912లో నోబెల్ బహుమతి పొందినాయన, 1910 నాటికే కుక్కల్లో బృహద్ధమని నుంచి కరొనరీ ధమనికి అంటు కట్టడానికి ప్రయత్నించాడు. 1960లో న్యూయార్కులో రాబర్ట్ గెట్జ్ మనిషికి రొమ్ము లోపలి ధమనిని ఒక లోహపు ఉంగరంతో కలిపాడు. 1962లో సాబిస్టన్ కాలి సిర వాడాడు, రోగి మూడోరోజున పోయాడు. 1964 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాడులో వసీలీ కొలెసోవ్ రొమ్ము ధమనిని సూదీ దారంతో నేరుగా కరొనరీ ధమనికి కుట్టాడు, అదీ గుండె కొట్టుకుంటుండగానే. అదే ఏడు హ్యూస్టనులో గారెట్ కాలి సిరతో ఒక రోగిని గట్టెక్కించాడుగాని ఆ సంగతి లోకానికి చెప్పింది తొమ్మిదేళ్ళ తరవాత. కనుక మొట్టమొదట ఎవరు అని పందెం వేస్తే ఫవలోరో గెలవరు. ఆయన కూడా ఆ గొప్ప తనొక్కడిదే అని చెప్పుకోలేదు.

చిత్రమేమిటంటే అప్పటికే రొమ్ము ధమని రోజూ ఆయన చేతిలో ఆడుతోంది. మాంట్రియల్ డాక్టరు వైన్‌బర్గ్ పద్ధతి ఒకటి ఉండేది. రొమ్ము లోపలి ధమనిని గోడ నుంచి విడదీసి, దాని కొసను గుండె కండరంలో సొరంగం చేసి పాతిపెట్టడం. కొమ్మను మట్టిలో వంచి నేలంటు కట్టి, వేళ్ళు వస్తాయేమోనని ఎదురుచూడడం లాంటిదే. కొందరిలో కొత్త శాఖలు వచ్చేవి, కాని నెలలు పట్టేది. ఫవలోరో రొమ్ము ఎముకను నిలువునా తెరిచి రెండువైపులా ధమనుల్ని ఇలా వాడేవారు. అందుకోసం తాను తయారు చేసుకున్న పరికరానికి ఆయన పేరే ఉంది. అంతటివాడు, ఆ ధమని కొసను నేరుగా కుట్టకుండా కాలి సిరను ఎందుకు పట్టుకున్నాడు?

నాకు తోచిన సమాధానం ఇది. రొమ్ము ధమని సన్నం, రెండు మిల్లీమీటర్ల లెక్క. భూతద్దం లేకుండా కుట్టడం కష్టం, గట్టిగా పట్టుకుంటే ముడుచుకుపోతుంది. పొడవూ అంతంతే. కాలి సిర అయితే మూరెడుకు మూరెడు దొరుకుతుంది, లావుగా ఉంటుంది, కుట్టు సులువు, వేసిన క్షణం నుంచే నెత్తురు ధారాళంగా పారుతుంది, గుండె వెనకవైపుకీ అందుతుంది. తీసేసినందుకు కాలికి పెద్ద లోటు లేదు, పనిచేసే సిరలు ఇంకా ఉన్నాయి. పైగా మూత్రపిండాల ధమనికీ, తొడ ధమనికీ ఆ సిరనే అంటు కట్టడం అదే ఆస్పత్రిలో అప్పటికే మామూలు. ఒకే ఒక జాగ్రత్త, సిరలో నెత్తురు వెనక్కి పోకుండా కవాటాలుంటాయి కాబట్టి దాన్ని తలకిందులు చేసి కుట్టాలి. ఇవన్నీ కలిస్తే వచ్చేది, ఒక నేర్పరి చేసి చూపించే విద్య కాదు, వందమందికి నేర్పగలిగే విద్య. పల్లెలో మంత్రసానులకు పాఠం చెప్పినవాడికి ఆ తేడా తెలుసు.

1967 మే 9న యాభై ఒక్కేళ్ళ స్త్రీకి ఆపరేషను జరిగింది. ఆమె కుడి కరొనరీ ధమని పూర్తిగా మూసుకుపోయింది. అడ్డం పడ్డ ముక్కను తప్పించి ఆ స్థానంలో కాలి సిర ముక్క కుట్టారు. కొద్దిరోజులకు సోన్స్ మళ్ళీ ఫిల్ము తీస్తే సిరలోంచి నెత్తురు చక్కగా పారుతూ కనిపించింది. ఆ ఏడాది లోపలే ముక్క మార్చడం మాని, సిర ఒక కొసను బృహద్ధమనికి, రెండో కొసను అడ్డం దాటాక కరొనరీకి కుట్టే పద్ధతికి వచ్చేశారు. ఈనాడు బైపాస్ అంటే అదే. 1968లో పత్రికలో వ్యాసం పడింది. గెట్జ్‌కీ గారెట్‌కీ లేని బలం ఆయనకు ఇక్కడ ఉంది. చేసిన ప్రతి అంటునూ కింద అంతస్తులో ఫిల్ము తీసి పరీక్ష చేసేవాడు ఉన్నాడు. నమ్మకం మీద కాదు, కంటితో చూసి ముందుకు నడిచారు. అయినా పెద్ద పెద్ద కార్డియాలజిస్టులు ఒప్పుకోలేదు. 1970లో లండనులో జరిగిన ప్రపంచ మహాసభలో ఆయనకు, న్యూయార్కు పండితుడు చార్లెస్ ఫ్రీడ్‌బర్గుకు మధ్య గట్టి వాదమే నడిచింది. వాదం ఎలా ఉన్నా రోగులు ఆగలేదు. మన దేశంలో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టర్ చెరియన్ ఈ ఆపరేషను చేసేనాటికి పాశ్చాత్య దేశాల్లో ఇది రోజువారీ పని అయిపోయింది.

పేరు, డబ్బు రెండూ చేతికందిన సమయంలో, 1971లో, ఆయన రాజీనామా ఇచ్చి అర్జెంటీనాకు వెళ్ళిపోయారు. అక్కడ ఉండిపొమ్మన్నవాళ్ళే అందరూ. బయటిదేశం వెళ్ళి స్థిరపడడమే చదువుకు పరమార్థం అనుకునే మన కాలేజీల్లో ఈ నిర్ణయాన్ని ఎలా అర్థం చేసుకుంటారో నాకు తెలియదు. బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో విభాగం తెరిచారు, 1975లో తన పేరిట ఫౌండేషన్ పెట్టారు, 1992లో సొంత ఇన్‌స్టిట్యూట్ భవనం లేచింది. లాటిన్ అమెరికా దేశాలన్నిటి నుంచీ వచ్చిన నాలుగు వందల మందికి పైగా డాక్టర్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నారు. డబ్బు లేదని రోగిని వెనక్కి పంపకూడదన్నది అక్కడి నియమం. పల్లెవైద్యుడి జ్ఞాపకాలని ఒక పుస్తకం రాశారు, విమోచనవీరుడు సాన్ మార్టిన్ మీద మరొకటి.

ఈలోగా కాలి సిర ఆయన్ని చిక్కుల్లో పెట్టింది. సిర పుట్టింది తక్కువ ఒత్తిడికి. దాన్ని తెచ్చి 120 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి కింద నిమిషానికి డెబ్బై దెబ్బలు తినమంటే ఎన్నాళ్ళు తింటుంది? మొదటి ఏడాదిలో కొన్ని గడ్డకట్టి మూసుకుపోతాయి. మిగిలిన వాటిలో లోపలి పొర దళసరెక్కి, ఆ పైన కొవ్వు పేరుకుంటుంది. పదేళ్ళు గడిచేసరికి దాదాపు సగం సిరలు పాడవుతాయని తేలింది. రొమ్ము ధమని సంగతి వేరు. 1968లో న్యూయార్కులో జార్జ్ గ్రీన్ మైక్రోస్కోపు పెట్టుకొని దాన్ని గుండె ముందువైపు ధమనికి కుట్టాడు. అలా కుట్టినవి పదేళ్ళ తరవాత నూటికి తొంభై పైన తెరుచుకునే ఉంటున్నాయి. ఒక కొస పుట్టినచోటే అంటుకుని ఉంటుంది కాబట్టి ఒక కుట్టు తక్కువ. లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ దండిగా విడుదల చేసి నాళాన్ని వదులుగా, నునుపుగా ఉంచుతుంది. కొవ్వు ఆ ధమనిలో పేరుకోవడం అరుదు. గుండె పక్కనే ఉండీ గుండె ధమనుల జబ్బు దానికి పట్టదు. ప్రకృతి విచిత్రం అంటే ఇదే మరి.

తీర్పు 1986లో వచ్చింది, ఎక్కడి నుంచో కాదు, క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచే. ఫ్లాయిడ్ లూప్, ఆయన సహచరులు 1970లలో తమ దగ్గర ఆపరేషను జరిగిన సుమారు ఆరు వేలమంది రోగుల లెక్కలు తీశారు. మూడు ధమనులకూ జబ్బు ఉన్నవాళ్ళలో, రొమ్ము ధమని వేయించుకున్నవారు పదేళ్ళకు 82.6 శాతం బతికున్నారు, సిరలు మాత్రమే వేయించుకున్నవారు 71 శాతం. సిరకు ప్రపంచంలో పేరు తెచ్చిన ఆస్పత్రే ధమనికి పట్టం కట్టింది. ఫవలోరో కూడా మంకుపట్టు పట్టలేదు. 1998లో ముప్పయ్యేళ్ళ ప్రయాణాన్ని సమీక్షిస్తూ అమెరికా కార్డియాలజీ కాలేజీ పత్రికలో రాసిన సుదీర్ఘ వ్యాసంలో సిర లోపాలనూ, రొమ్ము ధమని గుణాలనూ దాచకుండా పరిచారు.

అలాగని సిర కథ ముగిసిపోయిందనుకోవద్దు. గుండె ముందువైపు ధమనికి ఎడమ రొమ్ము ధమని అన్నది నేడు దాదాపు అందరూ ఒప్పుకున్న మాట. మిగతా ధమనులకు ఏది వెయ్యాలన్న దగ్గరే తగువు. రెండో రొమ్ము ధమని కూడా తీస్తే రొమ్ము ఎముకకు నెత్తురు తగ్గి, ముఖ్యంగా చక్కెర జబ్బువాళ్ళకు గాయం మానడం కష్టమవుతుంది. ఒకటా రెండా అని ఇంగ్లండువాళ్ళు నడిపిన పెద్ద పరిశోధనలో పదేళ్ళ తరవాత చావుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ ఫలితం 2019లో వచ్చింది. రెండు వేయాలనుకున్న కొందరికి ఒకటే వేశారనీ, ఒకటే వేసినవాళ్ళలో కొందరికి ముంజేతి ధమని కూడా వాడారనీ అందులో పేచీ ఉంది. ఆ ముంజేతి ధమనిని ఫ్రాన్సులో కార్పెంటియర్ 1970లలో మొదలుపెట్టి, ముడుచుకుపోతోందని వదిలేశాడు. వదిలేసినవి ఏళ్ళ తరవాత తెరుచుకునే ఉన్నాయని చూసి 1990లలో మళ్ళీ ఎత్తుకున్నారు. సిర కంటే అది మెరుగని 2018లో పలు పరిశోధనల ఫలితాలు కలిపి తేల్చారు. కాని ధమనికి ఒక మొండితనం ఉంది. కరొనరీలో అడ్డం కొద్దిగానే ఉంటే, పాత దారిలోనే నెత్తురు పోతూ ఉంటే, ధమని అంటు పనిలేక దారప్పోగులా సన్నబడిపోతుంది. సిరకు ఆ పౌరుషం లేదు. వయసు మళ్ళిన రోగికి, త్వరగా ముగించవలసిన అత్యవసర ఆపరేషనుకు సిరే దిక్కు. ఆస్పిరిన్, కొవ్వు తగ్గించే మాత్రలు వచ్చాక, చుట్టూ కొవ్వుతో సహా నలపకుండా తీసే స్వీడన్ పద్ధతి వచ్చాక, సిరల ఆయుష్షూ పెరిగింది. నన్నడిగితే 1967లో సిరను ఎంచుకోవడం తప్పు కాదు. రొమ్ము ధమనినే పట్టుకు కూర్చుని ఉంటే అది నాలుగు ఆస్పత్రుల విద్యగానే చాలాకాలం ఉండిపోయేది. సిర ముందు దారి వేసింది, ధమని ఆ దారిన నడిచింది.

ఇక మిగిలింది రాయడానికి చెయ్యి ఆడని భాగం. 1998లో భార్య పోయింది. అర్జెంటీనా ఆర్థికంగా కుంగిపోతోంది. ఉచితంగా, అరువుగా చేసిన వైద్యానికి ఫౌండేషన్ అప్పుల్లో కూరుకుపోయింది. పెన్షనర్ల ప్రభుత్వ బీమా సంస్థ వగైరాల నుంచి రావలసిన బాకీలు రాలేదు. ముడుపులు చెల్లిస్తే వస్తాయనే సూచనలు అందితే ఆయన ఆ దారి తొక్కలేదు. ఇరవయ్యారేళ్ళ వయసులో సంతకం పెట్టని చెయ్యి అది, డెబ్బయ్యారో ఏట మారుతుందా? సిబ్బందిని తగ్గించక తప్పని పరిస్థితి వచ్చింది. సాయం అడుగుతూ దేశాధ్యక్షుడు దె లా రువాకు ఉత్తరం రాశారు. అది ఆయన చదివేసరికి ఆలస్యమైపోయింది. 2000 జూలై 29న, డెబ్బయ్యేడేళ్ళు నిండిన రెండు వారాలకు, ఫవలోరో తన ప్రాణం తానే తీసుకున్నారు. దేశమంతా అవాక్కయింది. బతికున్నప్పుడు కదలని ఫైళ్ళ గురించి పోయాక అందరూ మాట్లాడారు.

ఫౌండేషన్ మూతపడలేదు, ఇన్‌స్టిట్యూట్, యూనివర్శిటీ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆఖరి ఉత్తరంలో తన చితాభస్మాన్ని ఎక్కడ చల్లాలో ఆయన రాసిపెట్టారు. క్లీవ్‌లాండు కాదు, బ్యూనస్ ఎయిర్స్ కాదు. హసింతో అరావుస్ దగ్గర. అక్కడే చల్లారు.